కిట్ నెగటివ్ వస్తే టిక్ ఫీవర్ లేనట్టు కాదు: తిరుపతిలో వీధికుక్కల రక్తపరీక్షలపై రివ్యూ

తిరుపతిలో వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్ళు చాలామంది నన్ను అడిగేది ఒకటే. కుక్క తినడం మానేసింది, చిగుళ్ళు తెల్లబడ్డాయి, ఒంటి నిండా పిడుదులున్నాయి, టిక్ ఫీవరేమో (పిడుదుల వల్ల వచ్చే జ్వరం), ఏ టెస్ట్ చేయించాలి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఎంతవుతుంది అని. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నా. నా తీర్పు ముందే చెప్పేస్తా. మొదట చెవి అంచున పొడిచి తీసిన రక్తంతో స్లైడ్ వేయించి మైక్రోస్కోప్ కింద చూపించండి, దాంతోపాటు ప్లేట్‌లెట్స్ (రక్తం గడ్డకట్టించే కణాలు) లెక్క తీయించండి. వెయ్యి రూపాయలు దాటే కిట్ టెస్ట్ (చిన్న కిట్‌లో రక్తం పోసి నిమిషాల్లో ఫలితం చూసేది) ఆ తర్వాతి మాట, అది కూడా డాక్టర్ అవసరమంటేనే. కిట్ ఒక్కటే వేసి "నెగటివ్ అండీ, టిక్ ఫీవర్ లేదు" అని పంపించేస్తుంటే మాత్రం కదలొద్దు, దేనికి నెగటివో అడగండి.

ఎందుకంటే టిక్ ఫీవర్ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అది ఒక్క జబ్బు కాదు. మన కుక్కల చెవుల్లో, వేళ్ళ సందుల్లో, మెడ కింద గుంపులుగా పట్టుకుని కనపడే గోధుమరంగు పిడుదు (మా వైపు కొందరు గోమారి అంటారు) ఒక్కటే రెండు మూడు రకాల క్రిములను మోస్తుంది. బబీసియా అనేది ఎర్ర రక్తకణాల్లోకి దూరి వాటిని పగలగొట్టే పరాన్నజీవి, అందులో మళ్ళీ పెద్దది, చిన్నది అని రెండున్నాయి, పెద్దదాన్ని వోగెలై అంటారు, చిన్నదాన్ని గిబ్సోని అంటారు. ఎర్లిచియా నిజానికి బ్యాక్టీరియా, తెల్ల రక్తకణాల్లో ఉంటూ ప్లేట్‌లెట్స్‌ను పడగొడుతుంది, ముక్కు నుంచి రక్తం కారేదీ, పొట్ట మీద ఎర్ర చుక్కలు లేచేదీ ఎక్కువగా దీనివల్లే. హెపటోజూన్ అని ఇంకోటుంది, అది పిడుదు కుడితే రాదు, కుక్క ఒళ్ళు కొరుక్కుంటూ పిడుదును మింగేస్తే వస్తుంది. ఇన్నింటికీ జ్వరం, నీరసం, తిండి మానేయడం ఒకేలా ఉంటాయి. బయటి నుంచి చూసి ఏది ఏదో చెప్పడం ఎంత అనుభవమున్న డాక్టర్‌కైనా కష్టమే, మందులు మాత్రం ఒక్కోదానికి ఒక్కోటి. అందుకే టెస్ట్ దగ్గర ఇంత పట్టుబడుతున్నా.

ఇవేవీ ఈమధ్య వచ్చిన రోగాలు కావు. గిబ్సోనిని మొదటిసారి గుర్తించి రాసింది 1910లో, మద్రాసులో, ప్యాటన్ అనే ఆయన. అక్కడి వేటకుక్కల రక్తంలో చూశాడు, తర్వాత నక్క రక్తంలోనూ కనపడింది. మద్రాసు మనకెంత దూరమో తెలిసిందే కదా. ఎర్లిచియాను 1935లో అల్జీరియాలో గుర్తించారు, వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం తీసుకెళ్ళిన కుక్కలు వందల్లో చనిపోయింది దీనితోనే. ఇంత పాత జబ్బుతో మన ఊళ్ళో 2 రోజుల్లో చచ్చిపోయిన కుక్కను చూసి "ఎవరో విషం పెట్టినట్టున్నారు" అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, నాకు బాధ కలిగించేది అదే.

ఇప్పుడు కిట్ సంగతి. మార్కెట్లో చాలా కంపెనీలవి ఉన్నాయి. పేరున్నదాన్నే తీసుకుంటే ఐడెక్స్ వాళ్ళ స్నాప్ ఫోర్‌డీఎక్స్ ప్లస్, 3 చుక్కల రక్తంలో 4 చుక్కల ద్రావణం కలిపి కిట్‌లో పోసి నొక్కితే 8 నిమిషాల్లో నీలం చుక్కలు తేలతాయి. వాడడం సులువు, మైక్రోస్కోప్ అక్కర్లేదు, చూసి చెప్పేందుకు చెయ్యి తిరిగినవాళ్ళు అక్కర్లేదు, రాత్రి 9 గంటలకు క్లినిక్‌లో డాక్టర్ ఒక్కరే ఉన్నా పని అయిపోతుంది. ఎర్లిచియాకు ఇది నిజంగా మంచి టెస్టే, దాని గురించి నాకే ఫిర్యాదూ లేదు. కానీ అది చూసేవి ఏవి? ఎర్లిచియా, అనాప్లాస్మా (ఇదీ పిడుదులతో వచ్చే బ్యాక్టీరియానే), లైమ్, హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు). లైమ్ ప్రధానంగా చలిదేశాల జబ్బు, దాన్ని మోసే పిడుదే వేరు, మన ఎండల్లో తిరిగే కుక్కకు ఆ గడి వల్ల ఒరిగేదేమీ లేదు. హార్ట్‌వార్మ్ దోమలతో వచ్చేది. మన దగ్గర కుక్కను రెండు మూడు రోజుల్లో నేలకు తెచ్చే బబీసియాకు అందులో చోటే లేదు. తయారీదారు దాన్ని దాచలేదు, పెట్టె మీద స్పష్టంగానే ఉంటుంది, చదివి చెప్పాల్సింది మనకు టెస్ట్ చేసేవాళ్ళు. బబీసియా యాంటీబాడీకి విడిగా గీత ఉన్న కిట్లు వేరే కంపెనీలవి దొరుకుతాయి, కాబట్టి మీ డాక్టర్ దగ్గర ఏది ఉందో పెట్టె చూపించమని అడగడంలో తప్పేం లేదు.

పోయిన ఎండాకాలంలో జరిగింది చెప్తే మీకే అర్థమవుతుంది. మేం బైరాగిపట్టెడ, ఎమ్మార్ పల్లి వైపు కుక్కలను చూసుకుంటాం. అక్కడ టీ కొట్టు దగ్గర పడుకునే నల్ల కుక్క ఒకటుంది, పొద్దున్నే కొట్టతను ఫోన్ చేసి, "అక్కా, నల్లోడు నిన్నట్నుంచి బన్ను కూడా ముట్టలే, ఉచ్చ చూస్తే డికాషన్ మాదిరి ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటలోనే సగం రోగనిర్ధారణ ఉంది. ఎర్ర రక్తకణాలు పగిలి అందులోని రంగు మూత్రంలోకి వస్తే అట్లా ఉంటుంది, బబీసియాకు అది పెద్ద గుర్తు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి, జ్వరం 105. కుక్కకు మామూలుగా 101, 102 దాకా ఉంటుంది, మనకున్నట్టు 98 కాదు, అది కూడా తెలియక కంగారుపడేవాళ్ళున్నారు కాబట్టి చెప్తున్నా.

దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేట్ క్లినిక్‌కు ఆటోలో తీసుకెళ్ళాం. పేరు రాయను. మూత్రం రంగు చెప్పాను, పిడుదులు చూపించాను. కిట్ వేశారు, 1200 తీసుకున్నారు, చుక్కలేవీ తేలలేదు. "టిక్ ఫీవర్ నెగటివ్, ఏదో వైరల్ అయుంటుంది" అని సెలైన్ ఎక్కించి, ఒక యాంటీబయాటిక్ సూది వేసి పంపించారు. స్లైడ్ చూస్తారా సార్ అంటే, "కిట్ కంటే స్లైడ్ గొప్పదా అమ్మా, ఇది ఫారిన్ టెక్నాలజీ" అన్నారు. మరుసటి ఉదయానికి అది లేచి నిలబడలేకపోయింది. అప్పుడు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ చెవి రక్తంతో స్లైడ్ వేసి చూస్తే ఒకే ఎర్ర కణంలో రెండు బబీసియాలు జంటగా, మొనలు కలిపి కూర్చుని ఉన్నాయి. పెద్ద రకం. దానికి తగ్గ సూది పడింది, ఆ సాయంత్రానికే జ్వరం దిగింది, మర్నాడు నల్లోడు లేచి టీ కొట్టు దాకా నడిచాడు. ఒక రాత్రి ఆలస్యమైంది, ఇంకో రాత్రి ఆలస్యమై ఉంటే ఈ మాట రాసేదాన్ని కాదు.

కిట్‌కు ఇంకో పరిమితి కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఎర్లిచియాకైనా అది వెతికేది క్రిమిని కాదు, క్రిమి మీద కుక్క ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలను. జబ్బు అంటిన మొదటి వారం రెండు వారాల్లో ఆ యాంటీబాడీలు సరిపడా తయారుకాకపోవచ్చు, అప్పుడు నెగటివ్ చూపిస్తుంది. దానికి ఎదురు, మందులు వాడి నయమైపోయిన కుక్కలో కూడా అవి నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి ఉండిపోతాయి, అప్పుడు పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. వీధికుక్క జీవితమంతా పిడుదుల మధ్యే కదా, దానికి పాజిటివ్ వచ్చిందంటే ఇప్పుడు జబ్బుగా ఉన్నట్టో, ఎప్పుడో వచ్చిపోయినట్టో కిట్ చెప్పలేదు. మందులైపోయాక "నయమైందా లేదా చూద్దాం" అని మళ్ళీ అదే కిట్ వేయమనేవాళ్ళకు డబ్బు వృథా అని నేను గట్టిగా చెప్తా. అప్పుడు చూడాల్సింది ప్లేట్‌లెట్స్ పెరిగాయా లేదా అని.

స్లైడ్ దగ్గరకు వద్దాం. నేను నిలబడి చూసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇది. చెవి అంచున వెంట్రుకలు కొంచెం కత్తిరించి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, సన్న సూదితో ఒక్క పోటు. వచ్చిన మొదటి చుక్కను గాజు పలక చివర పెట్టి, ఇంకో పలక అంచును ఏటవాలుగా ఆనించి ఒక్క ఊపులో ముందుకు లాగుతారు. రక్తం పల్చగా పరుచుకుని చివర్న పలచబడి ఈక అంచులా తేలుతుంది, కణాలు విడివిడిగా కనపడేది అక్కడే. గాలికి ఆరాక మిథనాల్‌లో ముంచి, జీమ్సా రంగు పోసి అరగంట పైగా ఉంచుతారు, తొందరగా కావాలంటే నిమిషాల్లో అయ్యే రంగులు కూడా ఉన్నాయి. తర్వాత నూనె చుక్క వేసి వంద రెట్ల లెన్స్ కింద వెతకడం. చెవి అంచే ఎందుకంటే, అక్కడ సన్నటి రక్తనాళాల్లో బబీసియా ఉన్న కణాలు ఎక్కువగా చేరతాయి, కాలి నరం నుంచి తీసిన రక్తంలో కంటే దొరికే అవకాశం ఎక్కువ. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన కుక్కలకు ఒక చెవి కొస కత్తిరించి ఉంటుంది కదా, రెండో చెవి నుంచి తీయమనండి, గట్టిపడిన మచ్చ దగ్గర రక్తం సరిగా రాదు, కుక్కకు నొప్పి కూడా.

వెటర్నరీ కాలేజీలో చదువుకునే అమ్మాయి ఒకామె నన్ను కూడా మైక్రోస్కోప్‌లో చూడనిచ్చింది. గులాబీ రంగు కణాల మధ్య ఒకదాంట్లో రెండు ఊదా రంగు కన్నీటి చుక్కలు. గిబ్సోని అయితే ఇంకా చిన్నది, ఉంగరంలా ఒక చుక్క, అనుభవం లేని కంటికి దొరకదట. హెపటోజూన్ తెల్ల కణంలో పొడుగాటి గుళికలా పడుకుని ఉంటుంది, అది కనపడితే ఇక అనుమానమే అక్కర్లేదు.

అలాగని స్లైడ్‌ను ఆకాశానికెత్తను. దానికి రెండు పెద్ద లోపాలున్నాయి. ఒకటి, చూసే కళ్ళ మీద అంతా ఆధారపడి ఉంటుంది. ఎర్ర కణం మీద ప్లేట్‌లెట్ ఒకటి వాలితే బబీసియా అనుకోవచ్చు, రంగు పొడి సరిగా వడకట్టకపోతే ఆ చుక్కలు కూడా పరాన్నజీవిలా కనపడతాయి, అంతే కాదు, రెండు నిమిషాలు చూసి పక్కన పెట్టేస్తే ఉన్నది కూడా దొరకదు. రెండు, ఎర్లిచియా స్లైడ్ మీద కనపడడం చాలా అరుదు, జబ్బు మొదట్లో కూడా నూటికి నాలుగైదు కుక్కల్లో కనపడితే గొప్ప. అంటే స్లైడ్‌లో ఏమీ లేదంటే బబీసియా లేదని కొంతవరకు నమ్మొచ్చు గానీ ఎర్లిచియా లేదని నమ్మకూడదు. పాత జబ్బైతే బబీసియా కూడా రక్తంలో బాగా తక్కువగా ఉండి తప్పించుకుంటుంది. అందుకే ఒక్క స్లైడ్ అనను, స్లైడ్ ప్లస్ ప్లేట్‌లెట్స్ అంటా. ప్లేట్‌లెట్స్ రెండు లక్షల పైన ఉండాల్సింది 30 వేలకో 40 వేలకో పడిపోయి, స్లైడ్‌లో బబీసియా లేకపోతే, అప్పుడు ఎర్లిచియా కోసం కిట్ వేయడం అర్థమున్న పని. కిట్ చోటు అదీ.

ప్లేట్‌లెట్స్ గురించి ఒక హెచ్చరిక. కొందరు క్లినిక్ దాకా ఎందుకని, రక్తం తీయించి వీధి చివర ఉన్న మనుషుల ల్యాబ్‌కు ఇచ్చేస్తున్నారు. మాకు తెలిసినామె ఒకరు అట్లాగే ఒక ల్యాబ్‌లో ఇస్తే 18 వేలు అని రిపోర్ట్ ఇచ్చారు, ఆమెకు రాత్రంతా నిద్రలేదు, ఆ టెన్షన్‌లో రక్తం ఎక్కించాలని కుక్కల కోసం ఊరంతా తిరిగింది. వెటర్నరీ డాక్టర్ స్లైడ్ మీద కళ్ళతో లెక్కపెట్టి చూస్తే ప్లేట్‌లెట్స్ గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి, నిజానికి లక్షకు పైనే. మనుషుల కణాల సైజుకు సెట్ చేసిన మెషీన్ కుక్క రక్తాన్ని సరిగా చదవలేకపోవచ్చు. కుక్కలకు సెట్ చేసిన మెషీన్ అయినా గుత్తి కట్టినవాటిని ఒకటిగా లెక్కపెట్టొచ్చు. తక్కువ నంబర్ చూసి గుండె జారిపోయే ముందు స్లైడ్‌తో సరిచూడమనండి. రక్తం ఊదా మూత ట్యూబ్‌లో తీయాలి, తీసిన వెంటనే మెల్లగా తలకిందులు చేసి కలపాలి, గట్టిగా ఊపకూడదు.

పీసీఆర్ గురించి క్లుప్తంగా చెప్తా, ఎందుకంటే వీధికుక్కలకు మనం రోజూ చేయించేది కాదు. క్రిమి డీఎన్‌ఏను పట్టే టెస్ట్ ఇది, క్రిమి కాస్తంత ఉన్నా అన్నింటికంటే బాగా పట్టేస్తుంది, పెద్ద బబీసియానా చిన్నదా అన్నది కూడా తేల్చేస్తుంది. కానీ ఖర్చెక్కువ, రిపోర్ట్ రావడానికి రోజులు పడుతుంది, అంతసేపు 105 జ్వరంతో ఉన్న కుక్కను ఉంచలేం. నా లెక్కలో ఇది రెండు సందర్భాల్లో తప్పనిసరి. మందులు పూర్తిగా వాడినా జ్వరం మళ్ళీ మళ్ళీ తిరగబెడుతున్న కుక్కకు, ఇంకా వేరే కుక్కకు రక్తం ఇవ్వబోతున్న కుక్కకు. రెండోది ఎవరూ పట్టించుకోవడం లేదు. పైకి ఆరోగ్యంగా తిరుగుతున్న కుక్క రక్తంలోనూ బబీసియా ఉండొచ్చు, అది ఎక్కిస్తే రోగాన్ని రోగికే పోసినట్టు. పీసీఆర్ చేయించాలనుకుంటే డాక్సీసైక్లిన్ (ఎర్లిచియాకు ఇచ్చే యాంటీబయాటిక్) మొదలుపెట్టక ముందే రక్తం తీయించండి, మందు పడ్డాక తీస్తే ఉన్నది కూడా నెగటివ్ వచ్చే అవకాశం ఉంది.

పెద్దదా చిన్నదా అని ఎందుకంత పట్టింపు అని ఒకాయన అడిగారు. మందు మారుతుంది కాబట్టి. వోగెలైకి ఇమిడోకార్బ్ గానీ డిమినాజిన్ గానీ సూది ఇస్తే చాలావరకు లొంగుతుంది, ఇమిడోకార్బ్ అయితే 2 వారాల తేడాతో రెండోసారి వేస్తారు. గిబ్సోని వాటికి సరిగా లొంగదు, దానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి 10 రోజులు ఇచ్చే పద్ధతి ఉంది, అటోవాక్వోన్ ఖరీదు చూస్తే కళ్ళు తిరుగుతాయి, అప్పుడు డాక్టర్లు వేరే మందుల కలయికలకు వెళ్తారు. ఎర్లిచియాకు డాక్సీసైక్లిన్ 28 రోజులు. ఈ సూదులను ఎవరో కాంపౌండర్ చేత వేయించకండి, దయచేసి. డిమినాజిన్ మోతాదు కొంచెం ఎక్కువైనా మెదడు దెబ్బతింటుంది, ఇమిడోకార్బ్ వేశాక నోట్లో నురగ, వాంతులు రావడం మామూలే, అది తగ్గడానికి ముందే ఇంకో సూది వేస్తారు. బరువు తూచి, దగ్గరుండి చూసుకోగలిగిన డాక్టర్ ఉండాలి. "ఏదైతే ఏం, అన్నీ కలిపి వేసేద్దాం" అనే చోట కుక్కను ఉంచొద్దు.

డాక్సీసైక్లిన్ 28 రోజులు వీధికుక్కకు ఇవ్వడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. జ్వరం మూడో రోజుకే దిగిపోతుంది, కుక్క మామూలుగా తిరుగుతుంది, ఇక కనపడదు. అక్కడే చాలామంది ఆపేస్తారు, జబ్బు లోపల దాక్కుంటుంది. మేం టీ కొట్టు, చికెన్ షాపు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ముగ్గురికీ మాత్రలు పంచిపెట్టి, ఎవరి దగ్గరకు వస్తే వాళ్ళు ఇచ్చి గోడ మీద బొగ్గుతో గీత గీసేట్టు చేసుకున్నాం, ఒకే రోజు ఇద్దరు ఇవ్వకుండా. మాత్ర పెరుగన్నంలో కలపొద్దు, పాల పదార్థాలతో మందు సరిగా ఒంటికి పట్టదు. ఖాళీ కడుపున కూడా వద్దు, వాంతి చేసేస్తుంది. అన్నంలో ఉడికించిన కోడి కార్జం ముక్కలో దాచి పెడితే మా కుక్కల్లో కాదన్నది లేదు.

ఆసుపత్రి గురించి అడిగారు కాబట్టి. శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో వచ్చింది గానీ తిరుపతి వెటర్నరీ కాలేజీ 1955 నాటిది, అంటే పాఠాలు చెప్పే గురువులు, నేర్చుకునే పిల్లలు, మైక్రోస్కోపులు అన్నీ ఒకేచోట ఉన్న ఊరు మనది, చాలా జిల్లాలకు లేని అదృష్టం ఇది. ఆవులు, మేకలు, కోళ్ళు, పెంపుడు కుక్కలు అన్నీ అక్కడికే వస్తాయి కాబట్టి ఉదయాన్నే వెళ్ళండి. మా కుక్క వీధిదని తెలిసినా చెవి పట్టుకుని శ్రద్ధగా చూశారు, ఎక్కడ దొరికింది, ఎన్నాళ్ళుగా తినలేదు, ఉచ్చ రంగేంటి అని ఒక్కొక్కటీ రాసుకున్నారు. నాకు అది చాలు. మీరు కూడా ఆ వివరాలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళండి, మూత్రం రంగును ఫోన్‌లో ఫోటో తీసుకోండి, పిడుదు ఒకటి చిన్న డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్ళినా పనికొస్తుంది.

కుక్కను పట్టుకెళ్ళే విషయంలో కొంచెం జాగ్రత్త. జ్వరంతో, నొప్పితో ఉన్న కుక్క రోజూ అన్నం తినిపించే చేతినైనా కొరకొచ్చు. బ్యాండేజ్ గుడ్డతో మూతి కట్టండి, కానీ ముక్కు నుంచి రక్తం కారుతుంటే, ఊపిరాడక తన్నుకుంటుంటే కట్టొద్దు, దుప్పటి కప్పి ఎత్తండి. వీధికుక్కలతో రోజూ పనిచేసేవాళ్ళంతా రేబిస్ టీకా ముందుగానే వేయించుకోవాలి, కరిస్తే సబ్బుతో ధారగా పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, టీకా ముందే వేయించుకున్నా సరే వెళ్ళాలి. పిడుదులను వేళ్ళతో నలపడం మానండి. మనుషులకు జ్వరం తెచ్చే ఇండియన్ టిక్ టైఫస్ క్రిమిని ఈ కుక్క పిడుదులు కూడా మోయగలవు. చిన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగి, స్పిరిట్ ఉన్న సీసాలో వేసేయండి. కిరోసిన్ పోయడం, పొలానికి కొట్టే మందు కుక్క మీద చల్లడం నేను కళ్ళారా చూశాను, ఆ కుక్క వణికి వణికి చనిపోయింది. అట్లా ఎవరైనా చేస్తుంటే గొడవైనా పర్లేదు, ఆపండి.

టెస్ట్ చేసి, మందులు వాడి, అదే పిడుదుల గోడ పక్కకు కుక్కను వదిలేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. ఒక ఆడ పిడుదు రక్తం తాగి కిందకు దిగి గోడ పగుళ్ళలో వేలల్లో గుడ్లు పెడుతుంది, దాని పిల్లలూ, పెద్దవీ మళ్ళీ కుక్కనే ఎక్కుతాయి. మన వీధుల్లో ఎండాకాలం, వానలు పడ్డ కొత్తలో ఇది ఎక్కువ. ఒక్క మాత్రతో 12 వారాలు పిడుదులను చంపే ఫ్లూరలానర్ అనే మందు వీధికుక్కలకు నేను చూసినవాటిలో మేలైనది, ధర ఎక్కువే, కానీ రోజూ పట్టుకుని స్నానం చేయించడం మనవల్ల కాదు కదా. నలుగురు కలిసి వీధికొకటి చొప్పున కొంటే భారం అనిపించదు. టీ కొట్టు వెనక గోడ పగుళ్ళకు మేం సిమెంట్ పూయించాం, ఈ వానాకాలంలో నల్లోడి మీద పిడుదులు బాగా తగ్గాయి.

ఇంకొక్కటి మాత్రం అధికారులకు. కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు 2023లో కొత్తవి వచ్చాయి, వాటి ప్రకారం పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఆపరేషన్ బల్ల మీద పెట్టేముందు ఒక్క స్లైడ్ చూస్తే ఎంత మేలో ఆలోచించండి. ప్లేట్‌లెట్స్ 20 వేలున్న కుక్కకు కోత పెడితే రక్తం ఆగదు, బయటికి మాత్రం అది మామూలుగానే కనపడుతుంది. ఒక గాజు పలక, ఒక చుక్క రక్తం, కాస్త రంగు. చిగుళ్ళు పాలిపోయినవి, పిడుదులు విపరీతంగా ఉన్నవి వరకైనా ఇది చేయొచ్చు. ఈ మాట మేం అర్జీగా రాస్తున్నాం, బైరాగిపట్టెడ, కొర్లగుంట, లీలామహల్ వైపు కుక్కలను చూసుకునేవాళ్ళు సంతకం పెట్టాలంటే ఆదివారం పొద్దున టీ కొట్టు దగ్గరకు రండి. కార్జం ముక్కలు కూడా తెచ్చుకోండి, నల్లోడు అక్కడే ఉంటాడు.